పెద్దనాయన అమ్మిన షేర్లు

మొన్న సాయంత్రం మా పక్కింటి కోడలు, సుబేదారిలో ఏదో ఆఫీసులో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, బస్సు దిగి ఇంటికైనా వెళ్ళకుండా సరాసరి మా వరండాలోకి వచ్చి కూర్చుని, ఈ కాలంలో అందరికీ పట్టుకున్న పిచ్చే తనకూ పట్టిందని నవ్వుతూ ఒప్పుకుని, షేర్ల గురించి నన్ను అడగడం మొదలుపెట్టింది. హనుమకొండ చౌరస్తాలో లాటరీ టికెట్లు అమ్మే బల్లల మీదే ఇప్పుడు బొంబాయి కంపెనీల దరఖాస్తులు కూడా పెట్టి అమ్ముతున్నారు కదా, చాయ్ తాగుతూ వాటిని నింపేవాళ్ళను మీరూ చూసే ఉంటారు. ఉన్నదంతా ఒకే కంపెనీలో పెట్టాలా నాలుగింటిలో పంచాలా, ధర పెరిగితే అమ్ముకోవాలా దాచుకోవాలా, పడిపోతే భయపడాలా ఇంకా కొనాలా, కంపెనీ మంచిదో చెడ్డదో మనలాంటివాళ్ళకు తెలిసేదెట్లా అని ఆ పిల్ల ఒకదాని వెంట ఒకటి అడిగింది. నాకు తెలిసినంతలో జవాబులు చెప్పి పంపించాను గానీ, ఆమె వెళ్ళిపోయాక చీకటి పడినా దీపం వేయకుండా అక్కడే కూర్చుండిపోయాను. సరిగ్గా ఇవే ప్రశ్నలు మా నాయన అడగగా నేను విన్నాను. వాటికి జవాబు చెప్పిన మనిషి గొంతు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

జ్ఞాపకాలు రాసేవాళ్ళు సాధారణంగా తీపివి ఏరుకుని రాస్తారు. ఇది చదివేవాళ్ళు నా ఈడువాళ్ళే అన్న ధైర్యంతో దాపరికం లేకుండా చెబుతున్నాను, ఆ రోజుల నుంచి నాకు మిగిలిన ఆస్తి ఒక పగ. ప్రతి ఆదివారం చర్చిలో క్షమాపణ మీద ప్రసంగం విని, ఇంటికొచ్చి, ఆ పగను మళ్ళీ ఒకసారి తడిమి చూసుకుని, అది ఉన్నచోటే ఉందని తెలుసుకుని నిమ్మళంగా అన్నం తిన్నదాన్ని నేను.

మేము వరంగల్ కొత్తవాడ అంచున ఉండేవాళ్ళం. చుట్టూ పద్మశాలీల ఇళ్ళు. పొద్దు పొడవకముందే మగ్గాల చప్పుడు మొదలయ్యేది, ఆ చప్పుడు లేని రోజున ఏదో కీడు జరిగినట్టు మా అమ్మ వీధిలోకి తొంగి చూసేది. నాయన హనుమకొండలో మిషన్ దవాఖానలో కాంపౌండరు. సైకిలు మీద పోయి సైకిలు మీద వచ్చేవాడు, కానీ ఆ కాస్త దారికే ఆయనకు చాలా సమయం పట్టేది, ఎందుకంటే దారిలో కనిపించినవాళ్ళందరూ ఆపి ఏదో ఒకటి అడిగేవాళ్ళు, పిల్లవాడి దగ్గు దగ్గర నుంచి పొలం తగాదా దాకా. మందు ఇచ్చే చెయ్యి అబద్ధం చెప్పదని జనానికి ఒక నమ్మకం. మా పక్కింటి మగ్గం మామ అయితే కొత్త పంచె నేసినా ముందు నాయనకు చూపించి గానీ అమ్మేవాడు కాదు. కులం వేరు, దేవుడు వేరు, అయినా ఆయన నాకు మామ, ఆయన భార్య నాకు అత్త. వాళ్ళింట్లో బతుకమ్మకు నేను పూలు కోసేదాన్ని, మా ఇంట్లో క్రిస్మసుకు అత్త వచ్చి మా అమ్మ పక్కన కూర్చుని పిండివంటలు చేసేది.

మా అమ్మకు ఒక అక్క. ఆ పెద్దమ్మకూ పెద్దనాయనకూ పిల్లలు లేరు, అందుకని నేను వాళ్ళింట్లో కూడా పెరిగినట్టే లెక్క. ఈ పెద్దనాయన ఎంత మంచివాడుగా కనిపించేవాడో చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. స్టేషన్ దగ్గర ఆముదాల వ్యాపారం చేసేవాడు, ఎండాకాలంలో కూడా కోటు విడిచేవాడు కాదు, ఉర్దూ తెలుగు ఇంగ్లీషు మూడూ నీళ్ళలాగా మాట్లాడేవాడు. చర్చిలో సంఘ పెద్ద. సికింద్రాబాదు పోయినప్పుడల్లా నాకు బిస్కెట్ల డబ్బా తెచ్చేవాడు. నాకు సైకిలు తొక్కడం నేర్పింది ఆయనే; ఆడపిల్లకు సైకిలేమిటని వాడకట్టంతా నవ్వితే, నా బిడ్డ డాక్టరమ్మ అయి మోటారు తోలుతది చూడుండ్రి అని వాళ్ళ నోరు మూయించాడు. నేను మెట్రిక్ పాసై, మిషన్ బాలికల బడిలో పంతులమ్మగా చేరి, డాక్టరు చదువుకు కావలసిన డబ్బు కూడబెట్టుకుంటున్న రోజులవి. ఆ చదువు ఆశ నాలో పుట్టించింది కూడా పెద్దనాయనే అని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. మనందరికీ ఆ యుద్ధం అంటే కిరసనాయిలు కరువు, నూలు కంట్రోలు, బియ్యం కోసం బారులు. ఆముదాల వ్యాపారులకు మాత్రం అది పండుగ. విమానాల యంత్రాలకు ఆముదమే కావాలని, మన తెలంగాణ చేలల్లో పండే గింజ లేకపోతే ఆ విమానం లేవదని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. పెద్దనాయన ఆ గాలి పసిగట్టి, స్టేషన్ అవతల ఒక ఆముదం మిల్లు పెడుతున్నానని, అది తన ఒక్కడిది కాదని, షేర్లు కొన్న ప్రతివాడూ దానికి యజమానే అవుతాడని చెప్పి, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందర, తక్కిన రోజుల్లో ఇళ్ళ ముందర కూర్చుని షేర్లు అమ్మడం మొదలుపెట్టాడు.

మా నాయన జాగ్రత్తపరుడు. మా వాకిట్లో మంచం మీద కూర్చుని ఎన్నో అడిగాడు. ఆనాటి మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"అన్నా, ఉన్నదంతా ఒక్కదాంట్ల పెట్టుడు మంచిదేనా? పోస్టాఫీసుల జర ఉంచుకోనా?"

"తమ్మీ, నాలుగు కుండలల్ల నాలుగు గింజలేస్తే ఏ కుండ నిండుతది చెప్పు? నింపితే ఒక్కటే నింపాలె. నేనున్న గదా, నువ్వు ఫికర్ చెయ్యకు."

అంత చక్కగా చెబితే ఎవరికైనా నిజమే కదా అనిపిస్తుంది. నాయన పోస్టాఫీసులో ఉన్నది తీసి పెట్టాడు. మొదటి ఏడాది చివర లాభంలో వాటా అని చేతికి డబ్బు వచ్చింది, రెండో ఏడాది ఇంకా ఎక్కువ వచ్చింది. నాయన అమ్మకు చీర కొన్నాడు, చర్చికి ఒక గడియారం ఇచ్చాడు. ఆ గడియారం చూసి పదిమంది అడిగారు, నాయన పదిమందికీ చెప్పాడు. మగ్గం మామ కూడా అడిగాడు, ఒక్కదాంట్లనే పెట్టుడు మంచిదేనా బావా అని. నాయన ఏం చెప్పాడనుకున్నారు? నాలుగు కుండల మాటే చెప్పాడు. మామ ఇంటికి పెంకులు వేయించాలనీ ఇంకో మగ్గం కొనాలనీ దాచుకున్నదంతా తెచ్చి పెట్టాడు. అట్లా కొత్తవాడలో ఎన్నో ఇళ్ళు, దవాఖానలో పనిచేసేవాళ్ళు, బడిలో నాతోటి పంతులమ్మలు, నాయన మాట మీద ఆ మిల్లులో యజమానులయ్యారు.

యుద్ధం ముగింపుకు వచ్చే కాలంలో పెద్దనాయన ఇల్లిల్లూ తిరగడం ఎక్కువైంది. షేర్లు బజారులో దొరకడం లేదని, ధర పెరిగిపోతున్నదని, మీరు నావాళ్ళు కాబట్టి నా సొంతవాటిలోంచి తీసి ఇస్తున్నానని చెప్పేవాడు. సొంతవాటిలోంచి అన్న మాటను మేమందరం ప్రేమ అనుకున్నాం. నాయన నా చదువు డబ్బు కూడా అందులోనే పోశాడు. ఒక్క ఏడు ఆగు బిడ్డా, రెండింతలైతది, దర్జాగా పోదువు అన్నాడు. నేను కూడా సరేనన్నాను, పెద్దనాయన మీద నాకంత నమ్మకం. తరువాత యుద్ధం ఆగింది, ఆముదం అడిగే నాథుడు లేడు, ధర దిగజారింది. నాయన హడలిపోయి మళ్ళీ ఆయన దగ్గరికే పోయి, ఇప్పుడేం చెయ్యాలని అడిగాడు. పడ్డప్పుడే కొనాలె తమ్మీ, తెలివైనోడు గదే చేస్తడు అన్నాడట. నాయన అమ్మ చేతుల బంగారు గాజులు తీయించి, కరిగించి అమ్మి, ఇంకొన్ని కొన్నాడు. ఆ ఏడాది వానలు మొదలయ్యేసరికి మిల్లు ఆగిపోయింది.

మా అత్త ఒకనాడు పొద్దున మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. "అన్నా, నువ్వు చెప్పినవనే పెట్టినం" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే నాయన బతికేవాడేమో. ఆ రోజు నుంచి ఆయన మా వీధిలోంచి వెళ్ళడం మానేసి, ఇళ్ళ వెనక సందులోంచి సైకిలు నడిపించుకుంటూ పోయేవాడు. దారిలో ఆపి అడిగేవాళ్ళు ఎవరూ లేక తొందరగా చేరుకునేవాడు, అదే ఆయనకు పెద్ద శిక్ష. మందు కలిపే చేతులు వణుకుతున్నాయని దవాఖానలో కూర్చోబెట్టి వేరే పని ఇచ్చారు. కొన్ని నెలలకే, ఆ దవాఖానలోనే, సీసాలు కడుగుతూ గుండె పట్టుకుని కూలిపోయాడు.

భూస్థాపన రోజున సంఘ పెద్దగా పెద్దనాయనే నాలుగు మాటలు చెప్పాలి కదా. చెప్పాడు. మా తమ్ముడు మంచివాడే గానీ ధనాశ ఆయనను తప్పుదారి పట్టించిందని, మనందరికీ ఇది ఒక గుణపాఠమని, పెట్టె మీద మట్టి వేయకముందే, కళ్ళు తుడుచుకుంటూ, ఎంతో మంచి తెలుగులో చెప్పాడు. వెనక నిలబడ్డ నేతవాళ్ళు తలలు ఊపారు. మా అమ్మ నా మణికట్టు పట్టుకుంది, నేనేదైనా చేస్తానేమోనని. నేనేమీ చేయలేదు. నా పళ్ళు ఎంత గట్టిగా బిగిశాయంటే రెండు రోజులు నములుతుంటే నొప్పి పెట్టింది. ఈ మనిషిని అందరి ముందర నిలబెడతాను, ఇదే నోటితో వేరే మాట చెప్పిస్తాను అని అప్పుడే అనుకున్నాను.

బడికి సెలవులు రాగానే రైలెక్కి సికింద్రాబాదులో మా మేనమామ దగ్గరికి పోయాను. అమ్మకు తమ్ముడాయన, ఒక షేర్ల దళారి దగ్గర రాతకోతల పని. ఇద్దరు అక్కల మధ్య ఇరుక్కున్న మనిషి, గొడవంటే భయం. నేను ఎందుకడుగుతున్నానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు, ఇద్దరికీ తెలుసు. సాయంత్రాలు ఆయన పని నుంచి వచ్చాక ఒక్కొక్కటే అడిగేదాన్ని. ఒక్కదాంట్లోనే ఎందుకు పెట్టకూడదంటే, ఏ మిల్లుకు ఎప్పుడు తెగులు తగులుతుందో ఆ మిల్లు పెట్టినవాడికి కూడా తెలియదు కాబట్టి అన్నాడు. లాభం వాటా ఇచ్చారంటే లాభం వచ్చినట్టేనా అంటే, కొత్తగా షేరు కొన్నవాడి డబ్బే పాతవాడికి లాభమని పంచిపెట్టేవాళ్ళూ ఉంటారమ్మా అని తల దించుకున్నాడు. పడ్డప్పుడు కొనవచ్చు గానీ ఎందుకు పడ్డదో తెలిసినవాడే కొనాలన్నాడు. చివరికి నేను అడిగాను, కంపెనీ మంచిదో కాదో మనలాంటివాళ్ళకు తెలిసేదెట్లా మామా అని.

ఆయన లేచి, తలుపు దగ్గరికి వేసి వచ్చి, అన్నాడు: "దాన్ని నడిపేటోని సొమ్ము అండ్ల ఉన్నదా లేదా చూడు. పెద్ద కుర్చీల కూసునేటోనికి ఇంతని వాటా ఉండాలె, అది ఖానూను. అమ్ముకున్ననాడు కుర్చీ దిగాలె. ఏడాదికోసారి మీటింగు పెడుతరు, ఒక్క షేరున్నోడు కూడ లేచి అడగొచ్చు. ఇగ నన్నేం అడగకు బిడ్డా."

నాకు అంతకంటే అవసరం కూడా లేదు.

వరంగల్ తిరిగి వచ్చి ఇల్లిల్లూ తిరిగాను. మొదట మగ్గం మామ ఇంటికే వెళ్ళాను. అత్త లోపలికి రమ్మనలేదు, వాకిట్లో నిలబడే మాట్లాడాను. నేను అడిగింది ఒక్కటే, మీరు షేర్లు ఎవరి చేతిలోంచి కొన్నారని. మిల్లు పెట్టినప్పుడు కొన్నవి పోగా, ధర పెరిగాక కొన్నవన్నీ అందరూ పెద్దనాయన చేతిలోంచే, ఆయన సొంతవే కొన్నారు. మా ఇంటికొచ్చి సల్ల తాగి ఇచ్చిపోయిండు అని ఒకరు, మా పిల్లగాని తల నిమిరి ఇచ్చిపోయిండు అని ఒకరు. మునిగే పడవలోంచి ఆయన ముందే దిగిపోయి, దిగుతూ దిగుతూ తన చోటును మాకు అమ్మిపోయాడని అప్పుడు వాళ్ళకూ అర్థమైంది. హనుమకొండలో ఒక ముసలి వకీలు, ఆయన కూడా అట్లాగే కొని మునిగినవాడే, నా మాట విని కళ్ళజోడు తీసి తుడుచుకుని, నేను కూడా మీటింగుకు వస్తున్నానన్నాడు. నేతవాళ్ళకు మాత్రం ధైర్యం చాలలేదు. చెప్పుల్లేని కాళ్ళతో పోతే మమ్ముల రానిస్తరా బిడ్డా అన్నారు. మిల్లు మీది, మీ మిల్లులకు మీరు పోవుడానికి ఎవర్ని అడగాలె అన్నాను. వాళ్ళను నమ్మించడానికి అదే మాట ఎన్నిసార్లు చెప్పానో.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ నెలలన్నింటిలో నేను పెద్దనాయన ఇంటికి వెళ్ళడం మానలేదు. ఆదివారం ఆయన పక్కనే నడిచేదాన్ని. ఆయనిచ్చిన బిస్కెట్లు తిన్నాను. నవ్వాను కూడా. మా అమ్మ ఒకనాడు నా ముఖం చూసి, నిన్ను చూస్తే భయమైతాందే అంది. ఆయన మాత్రం భయపడలేదు, పంతులమ్మ ఉద్యోగంలో పడి పిల్ల అన్నీ మరిచిపోయిందని పెద్దమ్మతో సంతోషంగా చెప్పాడట.

మీటింగు మిల్లు ఆవరణలోనే పెట్టారు. గానుగ పిండి కుళ్ళిన వాసన. ముందు వరసలో నాలుగు కుర్చీలు, వెనక ఎవరూ రారనుకుని ఏమీ వేయలేదు. నేతవాళ్ళు తాము నేసిన జంపఖానాలే చంకన పెట్టుకుని వచ్చి, పరుచుకుని కూర్చున్నారు, ఆడవాళ్ళతో సహా. పెద్దనాయన పెద్దమ్మను కూడా వెంట తెచ్చుకున్నాడు, చెయ్యెత్తమన్నప్పుడు తన వైపు ఒక చెయ్యి అయినా ఎక్కువ కనపడాలని. ఇంతమందిని చూసి ఒక్క క్షణం తడబడ్డాడు గానీ, సర్దుకుని, మిల్లు నడవడం అసాధ్యమని, యంత్రాలను ఒక సికింద్రాబాదు సేఠు వచ్చిన ధరకు కొంటానంటున్నాడని, అందరూ ఒప్పుకుంటే వచ్చినది పంచుకుని దేవుని చిత్తమని ఊరుకుందామని చెప్పాడు. ఆ ధర పాత ఇనుము ధర. సేఠు వెనక ఉన్నది ఎవరో మాలో చాలామందికి అనుమానమే.

నేను లేచాను.

"పెద్దనాయనా, ఒక్కటే అడుగుత. ఈ మిల్లుల ఇయ్యాల మీ సొమ్మెంత ఉన్నది?"

"ఏంది బిడ్డా, మిల్లు పెట్టిందే నేనైతే."

"పెట్టింది గాదు. ఇయ్యాల ఉన్నది."

ఆయన నవ్వి, ఉన్నదున్నది అన్నాడు. అప్పుడు మగ్గం మామ లేచి, ధర మీద ఉన్నప్పుడు మీవి నాకు అమ్మిన్రు అన్నాడు. ఆయన వెనక ఇంకొకడు లేచాడు, ఆ వెనక బడి ఆయా లేచింది, అట్లా లేస్తూనే ఉన్నారు, కూర్చున్నవాళ్ళకంటే నిలబడ్డవాళ్ళు ఎక్కువయ్యారు. వకీలు కూడా లేచి, అయితే మీ పేరు మీద ఏమీ మిగలలేదన్నమాట అన్నాడు ఉర్దూలో. పెద్దనాయనకు చెమట పట్టింది. నా పేరు మీద లేకపోతే ఏంది, నా భార్య పేరు మీద ఉన్నయ్, గీడ్నే కూసున్నది చూడుండ్రి అని పెద్దమ్మ వైపు చెయ్యి చూపించాడు.

పెద్దమ్మ జీవితంలో నలుగురి ముందర నోరెత్తిన మనిషి కాదు. ఆమె మెల్లగా లేచి, కొంగు సరిచేసుకుని, అమాయకంగానే అంది. "నావి ఏడున్నయ్? మీరు సంతకం పెట్టుమంటే పెట్టిన గదా, అమ్మినమన్నరు గదా."

ఆ షేర్లు ఎవరు కొన్నారో నాకు తెలుసు, నాయన దాచిన షేరు కాగితాల మీద అమ్మినవాళ్ళ సంతకం పెద్దమ్మదే. ఆమెకు తెలియదు. ఆ ఒక్క ముక్కనూ నేను ఈ రోజు కోసమే దాచిపెట్టుకున్నాను. ఆమెకు ఎంత తగులుతుందో తెలిసే చెప్పాను.

"అవి కొన్నది మా నాయన, పెద్దమ్మా. పడ్డప్పుడే కొనాలె అంటే కొన్నడు."

పెద్దమ్మ ముందు నన్ను చూసింది, తరువాత ఆయనను చూసింది. "అయితే నా చెల్లె గాజులు కరిగిచ్చి కొన్నయ్... నావేనా?" అని అడిగింది. అరవలేదు, బజారులో కూరగాయల ధర అడిగినట్టు అడిగింది. మూడు భాషలు వచ్చిన మనిషికి ఒక్క మాట దొరకలేదు. ఆ ముఖాన్ని నేను కళ్ళు ఆర్పకుండా చూశాను. ఈనాటికీ కావాలనుకున్నప్పుడల్లా చూడగలను.

వాటా లేనివాడికి కుర్చీ లేదని వకీలు చెప్పాడు. యంత్రాల అమ్మకానికి ఒక్క చెయ్యి లేవలేదు. పెద్దనాయన లేచి బయటికి నడిచాడు. జంపఖానాల మీద కూర్చున్నవాళ్ళు జరిగి దారి ఇవ్వలేదు, వాళ్ళ మధ్యలోంచి కాళ్ళు వెతుక్కుంటూ పోవలసి వచ్చింది. పెద్దమ్మ ఆయన వెంట వెళ్ళలేదు. మా ఇంటికి వచ్చి, అమ్మ వట్టి చేతులు తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు కూర్చుంది.

ఆ వారంలోనే వకీలూ తక్కినవాళ్ళూ అదాలత్‌లో దావా వేస్తారని ఊళ్ళో పొక్కింది. పెద్దనాయన మా ఇంటికి వచ్చాడు. అమ్మ లోపలి గదిలోంచి రాలేదు. నేను కూర్చోమనలేదు.

"ఏం కావాలె బిడ్డా నీకు? పైసలా? నీ సంతకం లేకుంటే వాళ్ళు ముంగటికి పోరు."

"పైసలొద్దు. వచ్చే ఆదివారం ఆరాధన అయినంక చర్చి ముంగట నిలబడి, మునుగుతదని తెలిసే అమ్మిన, మా తమ్మునికి ఏం తెల్వదు అని చెప్పుండ్రి. గట్లయితే నేను సంతకం పెట్ట."

"సంఘ పెద్దను. గా మాట చెప్పినంక నేనెట్ల బతుకుత?"

"మా నాయన బతికినట్ల."

ఆదివారం వచ్చింది. మగ్గం మామా అత్తా, కొత్తవాడవాళ్ళు ఇంకా కొందరు నేను పిలిస్తే వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు, లోపలికి రావడానికి మొహమాటపడి. పెద్దనాయన కోటు వేసుకునే వచ్చాడు. మెట్ల మీద నిలబడి, నేల చూస్తూ, ఆ మాట చెప్పాడు. ముందు వరసవాళ్ళకు వినపడింది. అక్కడితో అయిపోయిందని అందరూ కదలబోయారు. నేను కదలలేదు. పెద్దనాయనా, గేటు కాడున్న మామకు వినపడలే, ఇంకోసారి చెప్పుండ్రి అన్నాను. చర్చి అయ్యగారు నా వైపు చూసి, చాలమ్మా అన్నారు. నేను చాలనలేదు. పెద్దనాయన తల ఎత్తి, గొంతు పెంచి, మా తమ్మునికి ఏం తెల్వదు అని మళ్ళీ చెప్పాడు. ఆ కేకకు చర్చి కప్పు మీది పావురాలు లేచిపోయాయి. ఆ సాయంత్రం అత్త మా గుమ్మం దాటి లోపలికి వచ్చి, అమ్మ పక్కన కూర్చుని, మా అన్న మంచోడు అని ఏడ్చింది. నాయన పోయాక అమ్మ బిగ్గరగా ఏడవడం అదే మొదలు.

దావా సంగతి అడుగుతారేమో. నేను సంతకం పెట్టనన్నాను, పెట్టలేదు. మిగిలినవాళ్ళందరూ పెట్టారు. వాళ్ళ చేతులు నేనెట్లా పట్టుకుంటాను? నా ఒక్క సంతకం లేకపోతే దావా ఆగుతుందని ఆయన అనుకుంటే అది ఆయన తెలివితక్కువతనం. ఏళ్ళ తరబడి నడిచి, రాజ్యమే మారిపోయాక ఎప్పుడో తేలింది. ఆలోగా వకీళ్ళకు పోస్తూ పోస్తూ స్టేషన్ దగ్గర పెద్దనాయన ఇల్లు పోయింది. మిల్లును ఒక బియ్యం వ్యాపారికి కిరాయికి ఇచ్చి, వచ్చినది వచ్చినట్టు అందరూ పంచుకున్నారు. మునిగినదంతా రాలేదు గానీ మామ ఇంటికి పెంకులు వచ్చాయి. పెద్దమ్మ కొన్ని రోజులకు ఆయన దగ్గరికే వెళ్ళింది, చచ్చేదాకా వండిపెట్టింది, ఒక్క మాట మాట్లాడలేదు. నా పగకంటే ఆ మౌనమే ఆయనను ఎక్కువ కాల్చి ఉంటుంది. ఆయన ఆఖరి రోజున నన్ను ఒక్కసారి రమ్మని కబురు వచ్చింది. ఆ రోజు నేను బడికి వెళ్ళి పిల్లలకు ఎక్కాలు చెప్పాను.

డాక్టరు చదువు మళ్ళీ నా దగ్గరికి రాలేదు. పంతులమ్మగానే రిటైరయ్యాను. జీతంలోంచి ప్రతి నెలా కొంచెం తీసి షేర్లు కొన్నాను, కావాలనే కొన్నాను, ఏ తలుపులోంచి మా ఇంట్లోకి దొంగ వచ్చాడో ఆ తలుపు తాళం చెవి నా చేతిలో ఉండాలని. కొంత పోస్టాఫీసులో, కొంత బంగారం, మిగిలినది ఒకదానితో ఒకటికి సంబంధం లేని కంపెనీలలో. నాలుగు కుండలే పెట్టాను. అన్నీ నిండలేదు గానీ ఏదీ పగలలేదు. ఒక్కొక్కటి నిండినప్పుడు సమాధుల తోట వైపు తిరిగి, ఆ మనిషికి వినపడేటట్టు చెప్పాలనిపించేది.

ఈ మధ్య నాతో పనిచేసిన ఒక టీచరమ్మ, మన ఈడే, రిటైరైనప్పుడు వచ్చినదంతా ఏదో కంపెనీలో పెట్టి పోగొట్టుకుందని తెలిసి చూడడానికి వెళ్ళాను. ఎవడు ఆ కంపెనీ నడిపిందని అడిగాను. తెలియదక్కా, బొంబాయిలో ఉంటడట అంది. ఎవడు చెబితే పెట్టావంటే, పేపర్ల చూసిన అంది. ముఖం ఎట్లుంటదో తెలుసా అంటే, తెలియదని తల ఊపింది. కోపం కూడా లేదు పాపం, ఎవరి మీద పడాలో తెలియక ఆ కోపం ఆమె మీదే పడి ఆమెనే తింటోంది, అన్నం సయించడం లేదట. మా కాలంలో మమ్మల్ని ముంచినవాడు మా ఇంట్లో సల్ల తాగినవాడు, మా పక్కన మోకరించినవాడు, వాడి గుమ్మం ఎక్కడో మాకు తెలుసు, నలుగురి ముందర నిలబెట్టి ఇంకోసారి చెప్పు అనగలిగాం. ఇప్పుడు అన్నీ సుఖంగా ఉన్నాయి, ఇంట్లో కూర్చునే యజమానులమవుతున్నాం, ఇంట్లో కూర్చునే మునుగుతున్నాం. ఆమె చెయ్యి పట్టుకుని ఏదైనా ఓదార్పు చెబుదామనుకున్నాను. పగ పట్టడానికి ఒక మనిషి కూడా లేనివాళ్ళకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు.